కళ్ళద్దాల బాబాయి కట్టిన పొట్లాలు

ఆ వీధిలో అతన్ని అందరూ కళ్ళద్దాల బాబాయి అనేవారు. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు, అతనూ పలికేవాడు. కింద దుకాణం, పైన ఇల్లు, రెంటికీ మధ్య నిటారుగా ఒక మెట్ల వరుస. దుకాణంలో అద్దాలు అరగదీసే చక్రం, గోడకి అక్షరాల అట్ట, తీగకి వేలాడే ఫ్రేములు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళే. కుర్చీలో కూర్చునేటప్పుడు ఒక మూలుగు, లేచేటప్పుడు ఇంకో మూలుగు. కళ్ళ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, మోకాళ్ళ సంగతి తీరిగ్గా మొదలుపెట్టేవారు. బాబాయి ఓపికగా వినేవాడు. అతనికి వినడం వచ్చినంత బాగా అమ్మడం రాదని భార్య దెప్పేది.

అతని తల్లి పైగదిలో ఉండేది. కీళ్ళవాతం ఆమెను మంచానికి అతికించేసింది. మెట్లు దిగి వీధి మొహం చూసి చాలాకాలమైంది. ఫ్రేములు సరఫరా చేసే మనిషి ఒకడు ఈ సంగతి విని, మరోసారి వచ్చినప్పుడు ఒక డబ్బా తెచ్చిపెట్టాడు. లోపల గోధుమరంగు పొడి. వట్టి ఆకులూ వేళ్ళూ, మందు కానేకాదు, పొద్దున్నే ఒక చెంచా చాలన్నాడు. కొద్దిరోజులకే ఆమె తనంతట తాను మెట్లు దిగి దుకాణంలోకి వచ్చింది. కొడుకు చేతిలో పని వదిలేసి నోరు తెరిచాడు.

"ఏంట్రా ఆ చూపు? నడిచే వచ్చాను, ఎగిరి రాలేదు," అంది.

అది చూసినవాళ్ళంతా తమకీ కావాలన్నారు. బాబాయి ఆ మనిషి దగ్గర మరిన్ని డబ్బాలు తెప్పించి, కాగితాల్లో పొట్లాలు కట్టి ఇవ్వసాగాడు. లాభం చూసుకోలేదని కాదు, కొంత చూసుకున్నాడు. కానీ కుంటుతూ వచ్చినవాళ్ళు చేతికర్ర చంకలో పెట్టుకుని వెళ్తుంటే అతనికి కలిగే సంతోషం వేరు. తాళాలు బాగుచేసే ఆయనకి బిగుసుకుపోయిన వేళ్ళు వంగాయి. కుట్లు నేర్పే టీచరమ్మ మళ్ళీ మిషను తొక్కింది. ఇంట్లో తల్లి మొహం గుండ్రంగా నిండింది. కోలుకుని ఒళ్ళు చేస్తోందనుకున్నారు. ఎక్కడ కాస్త తగిలినా చర్మం నల్లగా కమిలేది. వయసు మీదపడింది కదా అనుకున్నారు. భార్యకి మాత్రం మనసులో ఏదో పీకుతూనే ఉండేది. అంత చురుగ్గా పనిచేసే ఆకేమిటో పేరు అడగమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అతను అడగలేదు. బాగుపడుతున్నచోట ఆరాలెందుకని ఊరుకున్నాడు.

ఉన్నట్టుండి ఆ మనిషి రావడం మానేశాడు. ఫోను చేస్తే పలకలేదు. డబ్బా అడుగంటింది. వస్తాడులే అని బాబాయి అందరికీ సర్దిచెప్పాడు.

తల్లికి ముందు నీరసం, ఆపైన వాంతులు. ఒక పొద్దున మొహం కడుక్కుంటూ అక్కడే కూలిపోయింది. కొడుకు చేతుల్లో ఎత్తుకుని మెట్లు దించాడు. ఆసుపత్రిలో బీపీ బాగా పడిపోయిందన్నారు. డాక్టరమ్మ ఆమె గుండ్రటి మొహమూ, పలచబడిన చర్మమూ, కమిలిన మచ్చలూ చూసి, స్టెరాయిడ్ మందులు ఎన్నాళ్ళుగా వాడుతున్నారని అడిగింది. అలాంటివేం లేవు, ఆకుల పొడి ఒక్కటేనన్నాడు. ఆమె అప్పటికప్పుడు ఇంజెక్షన్ ఇప్పించి, ఆ పొడి ఏమాత్రం మిగిలి ఉన్నా తెమ్మంది.

సాయంత్రానికి తల్లి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. డాక్టరమ్మ అప్పుడు అతన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. పొడిలో ఎవరో స్టెరాయిడ్ కలిపారని ఆమె అనుమానం. ఆ మందు చెడ్డదేమీ కాదు, అవసరమైనప్పుడు తనూ రాస్తుంది. కానీ చాలాకాలం బయటినుంచి అందుతూ ఉంటే, అలాంటిదాన్ని ఒంట్లో తయారుచేసే గ్రంథి పని మానేస్తుంది. హఠాత్తుగా ఆపేస్తే ఒంటికి ఏ ఆసరా ఉండదు. అందుకే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. అలా తగ్గించడానికి మాత్రలు రాసి చీటీ అతని చేతిలో పెట్టింది. కలిపిరాత కాదు, ఎవరైనా చదవగలిగే విడి అక్షరాలు.

"ఇది చూడండి. ఎవరికి రాశానో ఉంది, మందు పేరుంది, ఎంత వెయ్యాలో, ఏ వారం ఎంత తగ్గించాలో ఉంది. కింద నా సంతకం ఉంది. రేపు ఏదైనా తేడా వస్తే వచ్చి నన్ను నిలదీస్తారు. మీ పొట్లం తిన్నవాళ్ళు ఎవర్ని నిలదీయాలి?"

"నన్నేనండీ," అన్నాడు బాబాయి.

ఆ మాట అన్నాక గానీ అతనికి అసలు భయం పుట్టలేదు. పొడి అయిపోయింది తన తల్లి ఒక్కదానికే కాదు.

ఇంట్లో భార్య అత్తగారికి పంపాల్సిన బట్టలు మడతపెడుతోంది. అతను చెప్పినదంతా విని, ఇళ్ళకి వెళ్ళి చెప్పిరావడం సరే, మందుల కంట్రోలు ఆఫీసుకి ఎందుకంది. కోరి మెడ అప్పజెప్పడమేమిటంది.

"వాడు ఇంకో ఊళ్ళో ఇదే అమ్ముతుంటాడు. నేను నోరు మూసుకుంటే ఎలా?"

ఆమె మిగిలిన బట్టలు మడతపెట్టి సంచిలో సర్దింది. చివరికి, "చొక్కా అయినా మార్చుకుని వెళ్ళు. ఇలా వెళ్తే నీ మాట ఎవరూ నమ్మరు," అంది.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు జలుబుతో ఉన్నాడు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే అంతా రాసుకున్నాడు. మిగిలిన చిటికెడు పొడిని సీలు వేశాడు. లైసెన్సు లేకుండా, ఏముందో తెలియకుండా అమ్మడమే నేరమన్నాడు. తెచ్చిచ్చినవాడిది పలకని ఫోను నంబరు తప్ప ఏమీ లేదు కాబట్టి, కేసులో మొదటి పేరు బాబాయిదే అవుతుంది.

"మీ అంతట మీరే వచ్చారని రాస్తాను. దానివల్ల కేసు పోదు. ముందే చెప్తున్నాను," అన్నాడు. చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ హెచ్చరిక పంపిస్తానని మాట ఇచ్చాడు.

అక్కణ్ణించి బాబాయి ఇళ్ళమీద పడ్డాడు. కొందరు భయపడి వెంటనే ఆసుపత్రికి బయల్దేరారు. కొందరు నవ్వారు. తాళాలాయన వాంతులతో నీరసించిపోయి మంచంలో ఉండి కూడా మొండికేశాడు. గుప్పెడు పొడి ఉంటే పెట్టు, ఉపన్యాసాలు నాకొద్దని అరిచాడు. బాబాయే ఆటో పిలిచి, తిట్లు తింటూ తీసుకెళ్ళి చేర్చాడు.

టీచరమ్మ ఇంటి తలుపు ఆమె కూతురు తీసింది. అమ్మ కిందటివారమే పోయిందని చెప్పింది. నాలుగురోజులు నీరసంగా ఉందంది, పడుకుంది, పొద్దున చూస్తే లేదు. పెద్దవయసు, ఎవరూ ఏమీ అనుకోలేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"చివరి ఏడాది అమ్మ హాయిగా నడిచింది బాబాయ్. అదంతా మీ చలవే," అంది ఆ అమ్మాయి.

అక్కడినుంచి వచ్చేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. బాబాయి గుమ్మం దగ్గరే నిలబడి, పొడి గురించి, తన తల్లి గురించి మొత్తం చెప్పేశాడు. ఆమె అంతా విన్నది.

"అయితే అమ్మ దానివల్లే పోయిందా?"

"తెలీదమ్మా. కాదని మాత్రం చెప్పలేను."

ఆమె తలుపు సగం మూసింది. ఇక వెళ్ళండని నెమ్మదిగా అంది.

పరీక్షలో పొడిలో స్టెరాయిడ్‌తోపాటు నొప్పిమాత్రల మందు కూడా ఉన్నట్టు తేలింది. కేసు సాగి సాగి జరిమానాతో ముగిసింది. ఈలోగా దుకాణానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అతను అది మూసేసి, ఇంకొకరి దగ్గర అద్దాలు అరగదీసే పనికి కుదిరాడు. తాళాలాయన బతికాడు, కానీ వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. బాబాయి ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. మాత్రలు తగ్గుతున్నకొద్దీ తల్లికీ నొప్పులు తిరిగొచ్చాయి. డాక్టరమ్మ వేరే మందులు రాసింది గానీ అవి అంతగా లేపలేదు. కాళ్ళిచ్చినవాడివే లాక్కున్నావు కదరా అని ఆమె ఒకరోజు అంటే, అతను దిండు సర్ది బయటికి వచ్చేశాడు.

చాన్నాళ్ళకి ఇన్‌స్పెక్టరు పిలిపించి ఒక అట్టపెట్టె చూపించాడు. పైన పచ్చని ఆకుల బొమ్మ, ఏదో కొత్త పేరు. లోపల అదే గోధుమరంగు పొడి, అదే వాసన. అవునన్నాడు బాబాయి. వేరే ఊళ్ళో దొరికిందట. వాడినవాళ్ళు కొందరు పడిపోతే, హెచ్చరిక ముందే అందడంవల్ల ఆసుపత్రిలో వెంటనే పోల్చుకుని బతికించారట. అమ్మినవాడు మాత్రం ఇంకా దొరకలేదు.

"ఆసుపత్రికి రాకుండా ఇళ్ళల్లోనే పోయినవాళ్ళు ఉంటారా అండీ?" అని అడిగాడు బాబాయి.

ఇన్‌స్పెక్టరు పెట్టె మూత వేశాడు. "ఉండొచ్చు. వాళ్ళ సంగతి మా దాకా రాదు."

బాబాయి కాసేపు అక్కడే బల్లమీద కూర్చున్నాడు. తర్వాత లేచి పనికి వెళ్ళాడు.