ఇరవయ్యారు పోగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. తెలుగైనా కూడబలుక్కుని చదివేవాడు మా నాయన ఒక్కడే. మాది జమ్మలమడుగు దగ్గర ఒక నేతగాళ్ళ ఊరు. రాజధాని కర్నూలుకొచ్చిందని పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని చెప్పుకుంటున్న రోజులు. మా వీధికి మాత్రం ఏమీ రాలేదు, ఆ ఏడు వాన కూడా రాలేదు. ఇదంతా చెప్పుకు రావడానికి ఇప్పుడు నాకు ఓపిక లేదు. కానీ పొద్దున్నే పేపర్లో ఇంగ్లీషు మాటల ఆట ముందేసుకుని కూర్చుంటే ఆ ఆదివారం గుర్తుకొస్తుంది, ఏం చేసేది!

మా ఇంగ్లీషు అయ్యవారికి ఒక పిచ్చి ఉండేది. శనివారం బడి వదిలే ముందు బోర్డు మీద రెండో మూడో అక్షరాలు రాసేవారు. ఆ అక్షరాలున్న మాటలు ఎవరికి ఎన్ని తోస్తే అన్ని సోమవారానికి రాసుకుని రావాలి. బడికంతా ఉన్న ఒక్క డిక్షనరీని ఆయన మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. మాటలు మా బుర్రల్లోంచే రావాలట. చదివింది రెండేళ్ళ ఇంగ్లీషు, బుర్రలో ఏముంటుంది, నా మొహం!

ఆ శనివారం ఆయన రాసినవి ఏ, ఐ, ఎన్. మూడూ పక్కపక్కనే ఉండాలన్నారు. తక్కినవాళ్ళకు అది ఆట, నాకు కాదు. అమ్మకు ఆయాసం ఎక్కువై మంచం పట్టింది, మగ్గానికి నూలు కండెలు చుట్టే మనిషి లేదు. ఈ నెలతో నీ బడి చాలని నాయన చెప్పేశాడు. మా క్లాసులో ఉన్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏడుస్తూ అయ్యవారికి చెప్పుకుంటే ఆయన కాసేపు తల గోక్కున్నారు. సోమవారం నీ పేరు మొదట ఉంటే ఆ కాగితం పట్టుకుని మీ ఇంటికి వస్తాను, ఉత్త చేతులతో వచ్చి మీ నాయనకు ఏం చెప్పను, అన్నారు.

ఆదివారం మధ్యాహ్నానికి నా దగ్గర ఐదు మాటలున్నాయి. రెయిన్, ట్రెయిన్, పెయిన్, మెయిన్, అగెయిన్. అంతే, ఆరోది రాలేదు. పైగా ఆ రోజు మా జేజికి అచ్చు అతకడంలో సాయం కూర్చోవాలి. మగ్గం మీద నేత అయిపోవచ్చినప్పుడు పాత పడుగు నిలువు పోగుల కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే కలిపి, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెడుతూ పోవాలి. పదిహేను వందల పోగులు. వరసలో ఒక్కటి తప్పినా ఆ తర్వాతవన్నీ తప్పుతాయి. నాయన తల్లి మా జేజి, అప్పటికే ఆమెకు చూపు సగం పోయింది. పోగు అందించేది నేను, మెలిపెట్టేది ఆమె.

చేతులు అందిస్తున్నాయి గానీ నా బుద్ధి ఏ, ఐ, ఎన్ దగ్గరే ఉంది. ఎర్ర చార వచ్చేసరికి ఇటు పాత పడుగులో ఎర్ర పోగు, అటు కొత్త పడుగులో తెల్ల పోగు మిగిలాయి. అప్పటికి మేము అతికినవి మూడు వందల పైనే.

జేజి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుని, "యాడో ఒకటి ఇడిచిపెట్టినావు, సూడు," అంది. నేను గాభరాగా ఇక్కడ చూశాను, అక్కడ చూశాను, మధ్యలో నాలుగు పోగులు లాగి చూశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దుంకులాడొద్దు. ఈడుంటాదేమో, ఆడుంటాదేమో అని ఎతికితే తెల్లారినా దొరకదు. కొసన మొదలుపెట్టు. అయినంక దాని పక్కది, మళ్ళా ఆ పక్కది. యాడికి పోతాదిలే!"

అలాగే వెతికాను. దాదాపు మొదట్లోనే దొరికింది. అక్కడి నుంచి అన్నీ విప్పాలి. నాకు ఏడుపు ఆగలేదు. ఏం ఆలోచన చేస్తాండావే అని జేజి అడిగితే బడి సంగతి, సోమవారం సంగతి అంతా కక్కేశాను. ఆమె ఓపిగ్గా విని ఒకే మాట అడిగింది.

"ఆ ఇంగ్లీషు అచ్చరాలు ఎన్నుండాయే?"

"ఇరవయ్యారు జేజీ."

"ఇరవయ్యారేనా! ఈడ పదైదు నూర్లుండాయి. ఇరవయ్యారు పోగులకు ఇంత ఏడుపా? లెయ్, పో, రాసుకో. ఇది నేను సూసుకుంటా."

పలక తీసుకుని మూలకు పోయాను. ఏ, ఐ, ఎన్ ఉన్న మాటకు మొదటి అక్షరంగా ఒక్కొక్కటే పెట్టుకుంటూ, పోగు పక్కన పోగు లాగా. బీ దగ్గర బ్రెయిన్. సీ దగ్గర చెయిన్. డీ దగ్గర డ్రెయిన్. జీ దగ్గర గెయిన్, గ్రెయిన్. కొన్నింటి దగ్గర ఏమీ తగల్లేదు, అయినా ఆగి చూసే దాటాను. జడ్ దాకా పోయేసరికి పంతొమ్మిదయ్యాయి. తలెత్తి చూస్తే జేజి ముక్కు పడుగుకు ఆనించినంత దగ్గరగా వంగి నేను తప్పించినవన్నీ విప్పుతూ ఉంది. వెళ్ళి సాయం కూర్చోవాలని నాకు తోచలేదు. ఇంకో మాట దొరుకుతుందేమోనని మళ్ళీ పలకలోకి తల దూర్చాను.

సోమవారం నా పేరే మొదట వచ్చింది. అయ్యవారు అన్నమాట ప్రకారం సాయంత్రం కాగితం పట్టుకుని వచ్చారు. నాయన మగ్గం గుంటలోంచి లేవకుండానే అంతా విన్నాడు. "శానా సంతోషం సామీ. మా అమ్మకు కండ్లు కనపడవు, దాని అమ్మకు ఊపిరాడదు. ఇది బడికి పోతే ఈడెవరుండారు?" అన్నాడు. నాయన్ని తప్పు పట్టలేను, పాపం.

"నేనుండా కదరా. సేతి ఏళ్ళుండాయి కదా, కండ్లెందుకు?" అంది జేజి వాకిట్లోంచి.

ఆ మాట మీదే నా చదువు సాగింది. నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యేదాకా ఆమె తడుముకుంటూ కండెలు చుట్టింది, అచ్చులు అతికింది. పాసైన కాగితం ఆమె చేతికిస్తే తడిమి చూసి తిరిగి ఇచ్చేసింది. అప్పటికి చూపు బొత్తిగా లేదు. ఆ కళ్ళు నేనే తిన్నానని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళకు చెబితే వయసు మీద పడితే పోవా అంటారు. అంటారు లే.

ఇప్పుడు నా కళ్ళూ అంతంత మాత్రమే. పేపర్లో ఆటకు జవాబులు ఫోన్‌ను అడిగితే క్షణంలో చెబుతుందని మనవరాలు విసుక్కుంటుంది. నాకూ విసుగ్గానే ఉంటుంది, నడుము నొప్పి పుడుతుంది. అయినా 'ఏ' దగ్గర మొదలుపెట్టి జడ్ దాకా ఒక్కో అక్షరమే పెట్టి చూసుకుంటూ పోతాను. ఒక్కటీ వదలను. వదిలితే మా జేజి మళ్ళీ కూర్చుని అన్నీ విప్పాల్సి వస్తుందేమోనని నాకు ఇప్పటికీ భయం.