దేవరకొండ దారిలో నా వెనక వినిపించిన మాట

ఎండలో సైకిల్ తొక్కేవాళ్లకు కళ్లు అబద్ధం చెబుతాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. మధ్యాహ్నం తారు రోడ్డు మీద నీళ్లు పారుతున్నట్టు ఉంటుంది. దూరంగా ఉన్న కరెంటు స్తంభం మనిషిలా నడిచి వస్తున్నట్టు కనబడుతుంది. అందుకే ఎవరైనా "దారిలో ఏదో చూశాను" అంటే నేను మొదట అడిగేది ఒక్కటే. "పొద్దుటి నుంచి నీళ్లు ఎన్ని తాగారు?"

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. మా ఇంట్లో ఆ భయాలు లేవు. మా బాపు కూలి పనికి చీకటితోనే శ్మశానం పక్క దారిన సైకిల్ మీద పోయేవాడు. నేను జడ్చర్ల దగ్గర ఒక సర్కారు బడిలో ఆటల టీచర్‌ని. ఒంటికి ఏమైనా అయితే దానికి కారణం ఒంట్లోనే ఉంటుందని పిల్లలకు చెప్పే మనిషిని. ఇది చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

నసీం మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. నాకంటే కొంచెం చిన్నది. నన్ను అక్కా అంటుంది. బరువు తగ్గాలని సైకిల్ మొదలుపెట్టి, తర్వాత నాలాగే దాని పిచ్చిలో పడింది. మేమిద్దరం సెలవులు దొరికినప్పుడల్లా వెనక సంచులు కట్టుకుని రెండు మూడు రోజుల ప్రయాణాలు వెళ్తాం. ఒకసారి యాదగిరిగుట్ట, ఒకసారి సోమశిల. మా బడికి సెలవులు వేసవిలోనే కాబట్టి ఎక్కువగా ఎండాకాలంలోనే.

ఎండలో ఎట్లా తొక్కుతారని చాలామంది అడుగుతారు. చెబుతాను. చీకటి ఉండగానే బయల్దేరాలి. ఎండ ముదరకముందే ఏదో ఒక ఊరు చేరి, పొద్దు వాలేదాకా కదలకూడదు. దాహం వేశాక తాగితే ఆలస్యమైనట్టే, కాబట్టి వేయకముందే తాగాలి. ఒట్టి నీళ్లు చాలవు, ఒంట్లోకి ఉప్పు కూడా పోవాలి. పొద్దున అంబలి, సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, దారిలో మజ్జిగ దొరికితే వదలొద్దు. పొట్టి చేతుల చొక్కాలు ఫోటోలకే బాగుంటాయి. నిండు చేతుల నూలు బట్టలే వేసుకోవాలి. మెడకు తడి తువ్వాల చుట్టాలి. మా పాలమూరు, నల్లగొండ లోపలి దారుల్లో తుమ్మ ముళ్లు ఎక్కువ, కాబట్టి ట్యూబులు రెండైనా దగ్గర పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడుతూ ఉండాలి. ఎండదెబ్బ తగిలే మనిషికి మొదట మాట తగ్గుతుంది. వెనక వచ్చేవాళ్లు సరిగ్గా జవాబు ఇస్తున్నంతసేపూ ఫికర్ లేదు. ఈ నియమాన్ని నేను చాలామందికి నేర్పాను. ఆ రోజు వరకు అది తప్పు పోలేదు.

కరోనా పోయిన తర్వాతి ఏడాది, మే నెల. కల్వకుర్తిలో నసీం వాళ్ల చుట్టాలింట్లో పడుకుని, తెల్లవారకముందే దేవరకొండకు బయల్దేరాం. లారీల బాధ ఉండదని పెద్ద రోడ్డు వదిలి తండాల మీదుగా లోపలి దారి పట్టాం. మంచి ఊపులో ఉన్నాం. ఎండ రాకముందే చేరతామనే అనుకున్నాను.

ముళ్లు ఆ లెక్క చెడగొట్టాయి. ముందు నసీం టైరు, తర్వాత నాది, మళ్లీ నసీంది. చివరిదానికి ట్యూబుకు అతుకు వేసి లేచేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. చుట్టూ దున్ని వదిలేసిన పత్తి చేలు, బండరాళ్ల గుట్టలు. ఆగుదామంటే నీడ లేదు. దేవరకొండ ఇక దూరం లేదు. నసీం తలకు చుట్టిన ఎర్ర తువ్వాల మళ్లీ తడిపి కట్టాను. బాగానే ఉంది, నవ్వింది కూడా. మెల్లగా పోదామనుకున్నాం. నేను ముందు, ఆమె వెనక.

ఒక బత్తాయి తోట దాటాం. తర్వాత రోడ్డు కొంత దూరం పల్లంలో పోయి, మిట్ట ఎక్కుతుంది. మిట్ట పైన తాటిచెట్లు కనబడుతున్నాయి. అక్కడ ఆగుదామని అనుకున్నాను. అంచులో కంకర తేలి ఉంది. సంచులు కట్టిన సైకిల్ మీద తల వెనక్కి తిప్పితే బండి కూడా అటే లాగుతుంది. అందుకని నేను చూడలేదు, అడుగుతూ పోయాను.

"నీళ్లు తాగినవా నసీం?"

"తాగినక్కా."

"చెమట పడ్తాందా?"

"పడ్తాంది."

గొంతు మామూలుగానే ఉంది. ఆయాసం లేదు. ఎక్కుడులో ఆయాసం లేకపోవడం చూసి, నాకంటే నయమే అనుకున్నాను. ఆమె బిడ్డ ఇంటర్ మార్కుల గురించి మాట్లాడింది. మా బడి గ్రౌండుకు గోడ కట్టారా అని అడిగింది. నేను జవాబు చెప్పాను. తర్వాత ఆమే అంది.

"అక్కా, నీకొక ముచ్చట చెప్పలే. బీపీ గోలి ఏసుకుంటున్న. నెల రోజులాయె."

"ఏం గోలి?"

"ఒంట్ల నీళ్లు తీసేసే గోలి."

నాకు ఒళ్లు మండింది. ఎండలో తిరిగేవాళ్లకు ఆ రకం గోలి ఎంత ప్రమాదమో నాకు తెలుసు. నర్సు, ఆమెకు ఇంకా బాగా తెలియాలి.

"గా గోలి ఏసుకొని గీ ఎండల ఎట్లొచ్చినవే? నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు తోల్కరావు గదా."

నవ్వుతూనే అంది. నేను తిట్టాను. అట్లా తిడుతూనే మిట్ట సగం ఎక్కాను. అప్పుడు మళ్లీ గొంతు వినిపించింది. ఈసారి చాలా దగ్గరగా, నా భుజం పక్కనే ఉన్నట్టు.

"అక్కా, మోరి కింద సల్లగున్నది."

మోరి అంటే వాన నీళ్లు పోవడానికి రోడ్డు కింద వేసే సిమెంటు తూము. అక్కడ దిగి కూర్చుందామని అంటోందనుకున్నాను.

"జర ఓపిక పట్టు. గా తాళ్ల కాడ ఆగుదాం" అన్నాను.

తల వంచి మిట్ట పైకి గట్టిగా తొక్కాను.

తాటిచెట్ల కింద ఒక ముసలమ్మ ముంజలు అమ్ముతోంది. పేరు ఎల్లమ్మ అని తర్వాత తెలిసింది. నేను సైకిల్ దిగి, హ్యాండిల్ వదలకముందే ఆమె కత్తితో కాయ కొడుతోంది. ముందు రెండు ఆకులు పరిచి ఉన్నాయి. రెండింటిలోనూ ముంజలు పెడుతోంది.

"ఇంకో బిడ్డ ఏది? ఆడనే ఆగిందా?" అంది.

"వెనక వస్తాంది అవ్వా."

"ఎనక ఏడున్నది? గిప్పుడు నీ ఎంబడే వచ్చె గద, ఎర్ర గుడ్డ సుట్టుకున్నామె."

తిరిగి చూశాను. ఆ మిట్ట మీద నిలబడితే రోడ్డు బత్తాయి తోట దాకా కనబడుతుంది. రోడ్డు మీద ఎవరూ లేరు. మనిషి లేదు, సైకిల్ లేదు, మేక కూడా లేదు.

గట్టిగా పిలిచాను. పక్కకు ఎక్కడికైనా వెళ్లిందేమోనని తాటిచెట్ల వెనక చూశాను. ఎల్లమ్మ కూడా కత్తి కింద పెట్టి లేచింది. చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ, "గిప్పుడే చూసిన" అని మళ్లీ అంది. ఆమె గొంతులో భయం విన్నాకే నాకూ భయం పట్టుకుంది. అంతవరకు నసీం మీద కోపమే ఉంది.

సైకిల్ తిప్పి దిగుడులో వదిలేశాను. ఆ దారిలో మోరీలు రెండు ఉన్నాయి. మొదటి దాని కింద చూశాను, ఎండిన ఆకులు తప్ప ఏమీ లేవు. రెండోది బత్తాయి తోట మొదట్లో. రోడ్డు మీది నుంచి చూస్తే అక్కడ పొదలు తప్ప ఏమీ కనబడదు. ఆ మాట చెవిలో లేకపోతే నేను అక్కడ దిగేదాన్నే కాదు, సందేహం లేదు.

పొదల వెనక ఆమె సైకిల్ పడి ఉంది. నసీం తూము లోపల, గోడకు తల ఆనించి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే పెంకులా కాలుతోంది. చెమట చుక్క లేదు.

ఆ తర్వాత చేయాల్సినవి చేశాను. మెడ కింద, చంకల్లో, తొడల దగ్గర తడి గుడ్డలు పెట్టాను. ఉన్న నీళ్లన్నీ ఆమె మీద పోశాను. నోట్లో మాత్రం పోయలేదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇది అందరూ తెలుసుకోవాలి. తువ్వాలతో విసురుతూ ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు.

అప్పుడు తండాలకు ఫిల్టర్ నీళ్ల క్యాన్లు వేసే ట్రాలీ ఆటో ఒకటి వచ్చింది. రోడ్డుకు అడ్డం నిలబడి ఆపాను. ఆటో నడిపే ఆయన దిగి, తూములోకి ఒకసారి చూశాడు. "కాళ్లు పట్టుకో అక్కా" అన్నాడు. ఇద్దరం ఆమెను ఎత్తి ట్రాలీలో పడుకోబెట్టాం. దేవరకొండ దాకా ఆమె మీద క్యాన్ల మీద క్యాన్లు పోస్తూనే ఉన్నాను.

దవాఖానలో డాక్టరు "ఏమైనా మందులు వాడుతుందా?" అని అడిగాడు. "బీపీ గోలి, నీళ్లు తీసేసేది" అని చెప్పాను. రక్త పరీక్ష చేసి, దాన్ని బట్టే సెలైన్, ఇంజెక్షన్లు మార్చారు. ఆ సంగతి తెలియకపోతే కష్టమయ్యేదని ఆయన తర్వాత అన్నాడు. నీడలో ఉండడం వల్లే మనిషి మిగిలిందని కూడా అన్నాడు. నన్నూ పరీక్షించారు. జ్వరం లేదు, బీపీ మామూలుగా ఉంది, ఎండ తగిలిన లక్షణమే లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తలకు ఎండ ఎక్కి ఏదో విన్నావని మొదట నాకు నేనే చెప్పుకున్నాను.

మరునాడు నసీం లేచి కూర్చుంది. వాళ్లాయన టీ తేవడానికి బయటికి వెళ్లాడు.

"ఏం యాదికున్నది నీకు?" అని అడిగాను.

"బత్తాయి తోట కాడ కళ్లు తిరిగినయక్కా. నిన్ను పిలిచిన. నీకు ఇనపడలే. గంతే."

"మిట్ట ఎక్కింది యాదికున్నదా?"

"మిట్టనా? ఏం మిట్ట?"

మోరి కిందికి ఎట్లా పోయిందో, సైకిల్ ఎవరు దింపారో కూడా ఆమెకు తెలియదు. బహుశా తానే నడిచి ఉంటుంది. ఎండదెబ్బ తగిలిన మనిషి తెలియకుండానే నీడ వెతుక్కోవడం ఉంది. అంతవరకు నాకు అర్థమవుతుంది.

తర్వాత ఆమే అడిగింది. "గోలి సంగతి డాక్టర్‌కు నువ్వే చెప్పినవంట. నీకెట్ల తెల్సు?"

"నువ్వే చెప్పినవ్ గదా."

"ఎప్పుడు?"

ఆమె నిజంగానే అడుగుతోందని ముఖం చూశాక అర్థమైంది.

"ఇంట్ల గూడ తెల్వదక్కా" అంది మెల్లగా. "మా ఆయన ఫికర్ చేస్తడని గోలీలు దవాఖాన అల్మారాలనే పెట్టుకున్న. రోజూ ఆడనే ఏసుకుంట. ఎవ్వరికీ చెప్పలే. నువ్వొద్దంటవని నీకు అసలే చెప్పలే."

అప్పుడు జరిగిందంతా చెప్పాను. బిడ్డ మార్కుల ముచ్చట, నేను తిట్టడం, మోరి మాట. ఆమె వింటూ నా చేయి గట్టిగా పట్టుకుంది. "అల్లా" అంది ఒకసారి.

వానలు పడకముందే ఇద్దరం బస్సులో దేవరకొండ వెళ్లి, ఆటో మాట్లాడుకుని ఆ తాటిచెట్ల దగ్గరికి పోయాం. ఎల్లమ్మ అక్కడే ఉంది. నేను నోరు తెరవకముందే నసీంను గుర్తుపట్టింది.

"గీమెనే. బతికినవా బిడ్డా! ఎంత ఫికర్ చేసిన్నో."

"నేను ఈడిదాంక వచ్చిన్నా అవ్వా?" అని నసీం అడిగింది.

"గా చెట్టుదాంక వచ్చినవ్. సైకిల్ మీదనే. నవ్వుకుంట, గీ అక్కతోటి ముచ్చట పెట్టుకుంట వచ్చినవ్. నేను కాయ కొట్టి తలెత్తేసరికి లేవు."

ఆమెకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? రెండు ఆకులు నా కళ్లతో నేనే చూశాను.

దీన్ని నేను చాలా రకాలుగా ఆలోచించాను. తూములోంచి పిలిస్తే ఆ మిట్ట మీదికి వినిపించదు, ఇద్దరం మళ్లీ పోయి పరీక్షించి చూశాం. గోలి సంగతి నేను ఊహించి ఉంటానా అంటే, ఊహించడానికి నాకు ఆధారమే లేదు. దయ్యం అందామా అంటే, నసీం బతికే ఉంది. బతికి ఉన్న మనిషి ఒకచోట పడి ఉండి, ఇంకోచోట నాతో మాట్లాడుతూ రావడానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. నసీం వాళ్ల మౌలానా సాబ్ ఒక మాట చెప్పాడు, మా చర్చి పాస్టరమ్మ ఇంకోటి చెప్పింది. రెండూ విన్నాను. ఏదీ నాకు సరిపోలేదు.

సైకిల్ మాత్రం మానలేదు. ఎందుకు మానాలి? బయల్దేరే ముందు ఏ మందులు వాడుతున్నారో ఒకరికొకరు దాచకుండా చెప్పుకోవాలి, నెమ్మదిగా తొక్కేవాళ్లే ముందు ఉండాలి. ఈ రెండూ ఇప్పుడు నా నియమాల్లో చేరాయి. మొన్న వేసవిలో కూడా చిట్యాల దాకా వెళ్లి వచ్చాం. నసీం ముందు, నేను వెనక.

ఆమెకు మాటలెక్కువ. తొక్కుతూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. "అక్కా" అన్న పిలుపు వినగానే నేను జవాబివ్వను. పెడల్ గట్టిగా తొక్కి ఆమె పక్కకు వెళ్తాను. పెదవులు కదులుతున్నాయా లేదా అని ముఖంలోకి చూస్తాను. చూశాకే, "చెప్పు నసీం" అంటాను.