మీటరు దాటితే మీదే

దయ్యాలంటే నాకు భయం లేదు, దయ్యాలున్నాయని చెప్పేవాళ్లంటే చులకన. మాతో పనిచేసేవాడొకడు బండి హ్యాండిలుకు నిమ్మకాయ కట్టుకుని తిరుగుతాడు. మూతపడిన జిన్నింగు మిల్లు వెనక వీధిలో రీడింగు తీసుకురమ్మంటే కడుపునొప్పి అంటాడు. వాణ్ని ఏడిపించడమే నాకు టిఫిను తర్వాత కాలక్షేపం. అలాంటి నేను ఇది రాయాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

నేను పైపు గ్యాసు కాంట్రాక్టరు దగ్గర టెక్నీషియన్ని. ఇల్లు ఆదోనిలో, డ్యూటీ ఎక్కువగా ఎమ్మిగనూరులో. వీధిలో పైపు నుంచి ఇంట్లో మీటరు వరకు మా బాధ్యత. మీటరు నుంచి పొయ్యి దాకా ఉన్న పైపు ఇంటివాళ్లది. పాడైతే బాగుచేయించుకోవాల్సింది వాళ్లే. కనెక్షను ఇచ్చేరోజే ఈ సంగతి రాసిన కాగితం మీద సంతకం తీసుకుంటాం. ఒక్కరంటే ఒక్కరు చదవరు.

పసుపు రంగు పూసి ఉంటే చాలు, అది కంపెనీదే అనుకుంటారు. మళ్లీ దాని మీదే తడి లుంగీలు ఆరేస్తారు, కూరగాయల సంచులు తగిలిస్తారు. ఒకాయన పైపు చూడ్డానికి బాగాలేదని దాని మీద టైల్సు వేయించాడు. ఇంకొకాయన ఆయుధపూజకు మీటరు అద్దం నిండా కుంకుమ బొట్లు పెట్టి, రీడింగు తప్పొచ్చిందని నన్ను తిట్టాడు. లీకైతే మాత్రం అందరూ నాకే ఫోను చేస్తారు. అందుకే నాకొక మాట అలవాటైపోయింది. "మీటరు దాటితే మీదే." రోజుకు పదిసార్లు అంటాను. ఎదుటివాళ్ల ముఖం వాడిపోతుంటే కాస్త హాయిగా కూడా ఉంటుంది, దాచను.

ఆ రోజు గురువారం. ఎమ్మిగనూరులో మగ్గం నేసే నాగవేణి అనే ఆవిడ గ్యాసు వాసన వస్తోందని ఫోను చేస్తే వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి పది కావస్తోంది. వాళ్లు మంత్రాలయం బయలుదేరుతున్న హడావిడిలో ఉన్నారు. భర్త, పిల్లలు సంచులతో గడపలో నిలబడ్డారు. అత్త మాత్రం రావడం లేదు. ఆమెకు చెవులు సరిగా వినపడవు, మోకాళ్లు కూడా బాగాలేవు. నడింట్లో మగ్గం పక్కన చాప మీద పడుకుని ఉంది.

నేను లోపలికి అడుగు పెట్టబోతుంటే నాగవేణి, "అన్నా, బూట్లు ఆడ ఇడిసి రా. దేవుని గూడు వంటింట్లోనే ఉండాది" అంది.

సేఫ్టీ బూట్లు విప్పకూడదు, రూలు అన్నాను. రూలు ఉన్నమాట నిజమే. కానీ నేను విప్పనిది రూలు కోసం కాదు. ఇంటింటికీ వంగి లేసులు ఊడదీసుకోవడం నాకు నామోషీ.

మీటరు దగ్గర సబ్బునీళ్లు చల్లి చూశాను. బుడగలు లేవు. మీటరు దాటాక, పొయ్యి వెనక మలుపు దగ్గర జాయింటు మీద చల్లితే నురగ పొంగింది. ఆ పైపుకు తడి తువ్వాళ్లు వేలాడదీసీ వేలాడదీసీ క్లిప్పులు తుప్పుపట్టి ఊడిపోయాయి, బరువుకు జాయింటు వదులైంది. అక్కడికి మూడడుగుల దూరంలో దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. దాన్ని నేను చూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పైపు ఎవరిదైనా సరే, లీకు కనపడితే మీటరు దగ్గరి వాల్వు మూసి, దానికి ఎర్ర చీటీ కట్టాకే టెక్నీషియను కదలాలి. బాగుచేయించడం వాళ్ల పని, మూయడం మా పని. చీటీ మీద టైము, కారణం రాసి, ఇంటివాళ్ల సంతకం తీసుకుని, ఆఫీసుకు ఫొటో పంపాలి. నాకు ఆ రాతపని అసలు పడదు. దీర్ఘాలు నాకు చిన్నప్పటి నుంచీ నిలవవు. "లీకు" అని రాయబోతే "లికు" అని పడుతుంది. సూపర్‌వైజరు దాన్ని గుండ్రంగా చుట్టి గ్రూపులో పెట్టి నవ్విస్తాడు. పైగా ఆ పూట ఆదోనిలో మా మేనకోడలి నిశ్చితార్థం.

"మీటరు దాటితే మీదే అమ్మా. ప్లంబరును పిలిపించుకోండి" అన్నాను.

"రేపు పిలిపిస్తాములే అన్నా. ఇప్పుడు పోయొస్తే ఏం గాదు గదా? మా అత్త ఒకతే ఉంటాది."

"ఏం కాదు. కిటికీ తెరిచిపెట్టండి చాలు" అన్నాను.

ఆ ముక్క అన్నది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

ఆదోనిలో కల్యాణ మండపానికి చేరేసరికి పదకొండు దాటింది. విస్తరి ముందు కూర్చున్నాక ఎదురుగా వేదిక మీద దీపపు కుందులు కనిపించాయి. కలిపిన ముద్ద విస్తర్లోనే పెట్టి ఫోను తీశాను. ముసలామె మీద జాలితో అనుకునేరు. ఏమైనా అయితే నా ఉద్యోగం పోతుందని, జైలుకు పోతానని. నాగవేణికి ఫోను చేస్తే కలవలేదు. ఆఫీసుకు చేస్తే నేను చేసిన వెధవపని బయటపడుతుంది. అందుకని చేయలేదు. పెరుగన్నం వదిలేసి బండి తీశాను.

వాళ్ల వీధికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. ఇల్లు ఇల్లులాగే ఉంది. తలుపు గట్టిగా తడితే చాలాసేపటికి ముసలామె వచ్చి తీసింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"మళ్లా వస్తివేమప్పా? ఇంగా ఏమన్నా మిగిలిందా?" అంది. తర్వాత నా కాళ్లకేసి చూసి, "ఈ తూరి బూట్లు ఇప్పకుండానే వస్తాండావే" అంది.

నేను ఆమెను తప్పించుకుని వంటింట్లోకి ఉరికాను. వాసన లేదు. దీపం వెలుగుతూనే ఉంది. మీటరు దగ్గర వాల్వు మూసి ఉంది. దానికి ఎర్ర చీటీ కట్టి ఉంది.

చీటీ మీద రాత నాది. సంతకం నాది, చివర్లో నేను గీసే వంకర గీతతో సహా. టైము పన్నెండూ పది. ఇంటివాళ్ల సంతకం చోట వేలిముద్ర. ముసలామె చెయ్యి పట్టుకుని చూస్తే బొటనవేలికి సిరా ఇంకా అంటి ఉంది. ఆమె చెవి దగ్గర అరిచి, ఎవరు వేయించారని అడిగాను.

"నువ్వే గదప్పా. బూట్లు గడప బయట ఇడిసి, కాళ్లు కడుక్కోని వస్తివి. నీళ్లు తాగి పోతివి" అంది. నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసింది.

చీటీల పుస్తకం, సిరా డబ్బా నా బండి పెట్టెలో ఉంటాయి. పెట్టెకు తాళం వేసే ఉంది, తాళంచెవి నా జేబులోనే ఉంది. తీసి చూస్తే పుస్తకంలో ఒక చీటీ చిరిగి ఉంది. కింద కార్బను కాపీ ఉంది, అదే నంబరు, అదే రాత. తర్వాత చూస్తే, నిశ్చితార్థంలో మా బావ తీసిన ఫొటో ఒకటి ఆయన ఫోనులో ఉంది, నేను విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. దాని టైము పన్నెండూ తొమ్మిది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బండి ఎంత తోలినా ముప్పావు గంట.

ఆఫీసుకు ఫొటో కూడా చేరింది. నా ఫోనులో పంపినట్టు మాత్రం ఎక్కడా లేదు. మర్నాడు సూపర్‌వైజరు అందరి ముందూ, "పని అంటే ఇట్లా చేయాలప్పా. ఈసారి స్పెల్లింగు కూడా సరిగ్గా రాసినావు" అన్నాడు. నేను సిగ్గులేకుండా థాంక్సు చెప్పాను.

అప్పుడు చూశాను. చీటీలో కారణం దగ్గర "లీకు" అని ఉంది. దీర్ఘం నిండుగా ఉంది.

నిమ్మకాయవాడికి చెబితే ఆ ఇంటి దేవుడే నా రూపంలో వచ్చాడన్నాడు. దేవుడికి నా మొహం తప్ప ఇంకొకటి దొరకలేదా అని వాణ్ని తిట్టి పంపాను. ఎండకు మతి తప్పి నేనే వచ్చిపోయానేమో అని కూడా ఆలోచించాను. మా బావ తీసిన ఫొటో ఒప్పుకోదు. అయినా నాకు మతి తప్పితే మాత్రం, బూట్లు విప్పి కాళ్లు కడుక్కునే రకమా నేను?

ఆ చీటీల పుస్తకం ఆఫీసుకు తిరిగి ఇవ్వలేదు, పోయిందని చెప్పాను. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. ఆ పూట ఆ ఇంట్లో నా ఉద్యోగం చేసినవాడెవడో నాకు తెలియదు. వాడు నాకంటే మంచి పనివాడని మాత్రం తెలుసు. నిన్న కూడా ఒక ఇంట్లో వాల్వు మూసి చీటీ కట్టాను. జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాశాను. బయటికి వచ్చి కార్బను కాపీ చూసుకుంటే "లికు" అనే ఉంది.