పత్మాసుకు ముందు మసీరా

యోహాను భక్తుడు దర్శనం చూసిన పత్మాసు ద్వీపంలో ఒక్కసారి మోకరించాలని నాకు చిన్ననాటి నుంచీ కోరిక. గ్రీసు దేశంలో విమానం దిగాక ఓడ మీద మరో ఎనిమిది గంటలు. నేనా, ఆటో ఎక్కినా కడుపులో తిప్పే మనిషిని.

"ముందు మనం ఉంటున్న ఈ ఒమాన్‌లోనే మసీరా దీవికి గంటన్నర పడవ ఎక్కి చూపించు, సువార్తా. వాంతి చేసుకున్నావో, పత్మాసు క్యాన్సిల్," అన్నారు మావారు.

పడవ కదిలిన పావుగంటకే నోట్లో నీళ్లూరాయి. పక్కన కూర్చున్న ఒమానీ పెద్దావిడ నా ముఖం చూసి, సంచిలోంచి తెల్లని పలుకులు తీసింది. ఒకటి తను నోట్లో వేసుకుని, ఒకటి నా చేతిలో పెట్టింది.

"లుబాన్. ఖావో, బేటీ!" అంది, తినమని వచ్చీరాని హిందీలో.

వాసన చూస్తే సాంబ్రాణి! జ్ఞానులు బాల యేసుకు కానుకగా తెచ్చినది.

"పొగ వేసేది నములుతావా?" అని మావారు ఒకటే నవ్వు.

కళ్లు మూసుకుని, మనసులో స్తోత్రం చెప్పుకుని నమిలాను. మొదట చేదు, తర్వాత జిగురు. కాసేపటికి కడుపు చల్లబడింది. కళ్లు తెరిచేసరికి మావారు కమ్మీ పట్టుకుని సముద్రంలోకి వంగి ఉన్నారు.

పెద్దావిడ ముసుగు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ ఇంకో పలుకు ఇచ్చింది. తీసుకెళ్లి ఆయనకిచ్చాను.

"పత్మాసుకి ఇది ఎంత కావాలో అడుగు," అన్నారు, నములుతూనే.