మా పెద్దోడిని పోయిరమ్మన్నాను

దయ్యం పేరు చెప్పి నన్ను ఎవరూ భయపెట్టలేకపోయారు, చిన్నప్పుడు కూడా. శ్మశానం పక్క చేనికి గొర్రెలు తోలుకుని ఒక్కదాన్నే పోయేదాన్ని. చదివింది ఐదో తరగతి. కానీ చూసింది చూసినట్టు గుర్తుంటుంది నాకు. ఇప్పుడు చెప్పేది కూడా అంతే.

మాది కార్వేటినగరం. మా ఆయన ముప్పై ఏళ్ళు టాక్సీ తోలాడు. తెల్ల అంబాసిడర్. తిరుపతి, తిరుత్తణి, కాణిపాకం... పెళ్ళిళ్ళకు, కాన్పులకు, ఎవరు పిలిస్తే వాళ్ళకు. మా కొడుకు మురళి పుట్టడానికి ఏడాది ముందు ఇంటికి వచ్చింది ఆ కారు. అందుకని దాన్ని పెద్దోడు అనేవాడు. మురళి చిన్నోడు.

పొద్దున నేను ముగ్గు వేసి నడుం ఎత్తేలోగా దాని మీదుగానే బండి బయటికి తీసేవాడు. నేను తిట్టేదాన్ని. "పెద్దోడు నీ కాళ్ళకు మొక్కి పోతాండాడు లేవే" అని నవ్వేవాడు.

పోయిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట ఒకటీ అరా ముద్దగా వచ్చేది. రోజూ కాలు ఆడిస్తే లేచి నడుస్తాడని తిరుపతి ఆస్పత్రిలో చెప్పారు. ఆయన ఆడించడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు నాకే తోచి, కుడి కాలి కింద ఇటుక పెట్టాను. "యాక్సిలేటరు తొక్కయ్యా, పెద్దోడు కదలాల గదా" అన్నాను. తొక్కాడు. ఎడమ చెయ్యి గాలిలో గేరు మార్చింది. ఆనాటి నుంచి పూటకు యాభై సార్లు ఇటుక తొక్కేవాడు. ఇంటి పక్కన రేకుల కింద ఉన్న కారు ఆయన మంచం మీదికి కనబడదు. వాకిలి మాత్రమే కనబడుతుంది. అయినా అది ఉందని తెలుసు, ఆయనకు అది చాలు.

అదేమో తుప్పు పట్టిపోయింది. అడుగు రేకు ఊడింది, ఇంజను బిగుసుకుంది. ఆయన్ను పెరట్లోకి ఇద్దరం మోయలేకపోతున్నాం. కారు ఉన్న చోట ఆయనకు అందేట్టు బాత్రూము కడతానన్నాడు మురళి. వేరే చోటు లేదు. నగరి వైపు నుంచి తుక్కు కొనేవాళ్ళు లారీ తెచ్చారు. కారు షెడ్డుకు పోతోందని, బాగుచేసి తెస్తారని ఆయనకు అబద్ధం చెప్పాం. నిజం తెలిస్తే ఇటుక తొక్కడు. తొక్కకపోతే లేవడు. నా భయమంతా అదే.

కారును కడిగి, బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టాను. లారీ కదిలింది. ముప్పై ఏళ్ళ అలవాటున నా చెయ్యి దానంతట అదే లేచింది. "పోయిరా పెద్దోడా" అన్నాను. ఎవరూ వినలేదు.

మూడో రోజు పొద్దున ముగ్గు వేసి, పాలు పొయ్యి మీద పెట్టాను. పాలు ఇంకా పొంగలేదు. మంచం మీద నుంచి ఆయన కేక. "వచ్చి... వచ్చినాడు."

బయటికి వచ్చాను. బాగా తెల్లవారింది. ముగ్గు మీద రెండు టైర్ల గుర్తులు. రేకుల కిందిదాకా పోయి ఆగిపోయాయి. తిరిగి బయటికి పోయిన గుర్తు లేదు. గేటుకు గొలుసు వేసింది వేసినట్టే ఉంది. వీధిలో దుమ్ము చెదరలేదు. మా కారు వెనక ఎడమ టైరు ఒకటే వేరు, పుత్తూరులో వేయించింది. దాని గీతలు ఏటవాలుగా ఉంటాయి. ముగ్గు మీద ఆ ఏటవాలు గీతలు ఉన్నాయి.

పక్కింటి రాణి గోడ మీద నుంచి చూసింది. "ఏంకా, కారు తుక్కుకేసినామంటిరి, పొద్దన్నే యాడికి పోయొచ్చినారు? నన్నూ ఎక్కించుకోని ఉంటే నగరిలో చీర తెచ్చుకుందునే!"

నేను ముగ్గు చెరిపేశాను.

"నీకు నిద్ర సాల్లేదుమా" అన్నాడు మురళి. మర్నాడు తానే వాకిట్లో కాపలా నిలబడ్డాడు. ఏమీ లేదు. నోట్లో బ్రష్షు పెట్టుకుని తొట్టి దగ్గరికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చుకునేలోగా గుర్తులు పడి ఉన్నాయి. వాడు బ్రష్షు తీయడం కూడా మరిచిపోయాడు. తర్వాత తాడు తెచ్చి కొలిచాడు. రేకుల కింద కారు ఏళ్ళ తరబడి నిలబడి పడిన గుంతలకూ ఈ గుర్తులకూ కొలత సరిపోయింది. బాత్రూము పని ఆపేశాడు.

పదకొండు పొద్దులు అలాగే. నేను లెక్కపెట్టాను.

ఆ పదకొండు రోజుల్లో మా ఆయన వేరే మనిషి. పూటకు రెండు వందల సార్లు ఇటుక తొక్కేవాడు. తొమ్మిదో రోజు మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను పది లెక్కపెట్టేదాకా నిలబడ్డాడు.

అప్పుడే సత్యవేడు నుంచి మా వదిన, ఆయన అక్క, తమ్ముణ్ణి చూడడానికి వచ్చింది. ఆమెకు అంతా చెప్పాను. చెయ్యెత్తి అన్న మాట కూడా చెప్పాను. నెత్తి కొట్టుకుంది.

"చావింట్లోనించి వచ్చేటప్పుడు పోయొస్తామని అంటామా మే? తుక్కుకు పోయే బండిని ఎవురన్నా పోయిరమ్మంటారా? నువ్వే తోవ సూపించినావు. వచ్చిన బండి ఉత్తగా పోతాదా? ఎవుర్నో ఒకర్ని ఎక్కించుకోనే పోతాది."

ఆమె ఎవరిని గురించి అంటోందో చెప్పనక్కరలేదు. ఆమె కళ్ళు మంచం మీదే ఉన్నాయి.

పన్నెండో రోజు చీకటితోనే లేచి, ముగ్గు కూడా వేయకుండా మొదటి బస్సుకు నగరి పోయాను. తుక్కు కొట్టు వెతికి పట్టుకున్నాను. తలుపులు ఒక చోట, పైకప్పు ఒక చోట. బానెట్టు మీద నా పసుపు అలాగే ఉంది. ఎప్పుడు కోశారని అడిగాను. "తెచ్చిన రోజేమా" అన్నాడు అక్కడి మనిషి.

బానెట్టు మీద చెయ్యి పెట్టాను. "ఇంక రావద్దు నాయనా. ఈడనే ఉండిపో" అన్నాను. ఏడ్చాను కూడా. ఆ మనిషి పక్కకు తప్పుకున్నాడు.

మర్నాడు ముగ్గు వేసినది వేసినట్టే ఉంది.

ఆయన వాకిలి వైపు చూస్తూ పడుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా చూపు తిప్పలేదు. ఇటుక పెట్టి "తొక్కయ్యా" అన్నాను. నా ముఖం వైపు చూశాడు. తొక్కలేదు. మూడో రోజుకు గోడవైపు తిరిగాడు. నెల తిరగకముందే పోయాడు. మళ్ళీ పక్షవాతం వచ్చిందని డాక్టరు అన్నాడు. కావచ్చు.

ఆ గుర్తులు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. మురళిని అడిగితే మాట మార్చేస్తాడు. ఆయన్ను తీసుకుపోవడానికే వచ్చిందంటుంది వదిన. అయితే అది వచ్చినన్నాళ్ళు ఆయన ఎందుకు లేచి నిలబడ్డాడు? రావద్దన్న తర్వాతనే ఎందుకు పోయాడు? రాత్రీ పగలూ ఆలోచించాను, తెగలేదు.

భయపడింది నేను. ఆయన ఒక్క పొద్దు కూడా భయపడలేదు.