సముద్రానికి మారు వడ్డన

ఎడిసన్ నుంచి కారేసుకుని మసాచుసెట్స్ తీరానికి వెళ్లాం. అక్కడ ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. అల వెనక్కి వెళ్లినప్పుడల్లా లక్షమంది ఒకేసారి పళ్లు కొరికినట్టు చప్పుడు. నిలబడితే కూర్చోవాలనీ, కూర్చుంటే పారిపోవాలనీ అనిపించింది. ఏనుగుల్లాంటి లారీలు వచ్చి ఇంకా రాళ్లు గుమ్మరిస్తున్నాయి.

నా భార్య మాత్రం అల్లం నూరడానికి పొత్రంలా నున్నటి రాయొకటి ఏరి సంచిలో వేసుకుంది. అంతే, ఒడ్డు మీది ఇంటి ముసలావిడ మెట్లు లేని వరండా నుంచి స్టూలు మీద కాలేసి దిగి, తుపానులా వచ్చింది.

"హనీ, అది పెట్టేయ్! అది నా ఇల్లు!"

రాయి ఇల్లెలా అయిందో తెలియక నోరు తెరిచాను.

"వి ఆర్ ఫీడింగ్ ద బీచ్," అందావిడ. "చలికాలంలో సముద్రం ఈ రాళ్లు తింటుంది. రాళ్లు లేకపోతే నా ఇల్లు తింటుంది. పోయినసారి మెట్లు తినేసింది."

మేం కాకులకు పెట్టాం, చీమలకు పెట్టాం, కొత్త అల్లుళ్లకు పెట్టాం. ఒడ్డుకు భోజనం పెట్టడం మాత్రం అప్పుడే విన్నాను.

"ఒకసారి పెడితే సరిపోదా?" అన్నాను.

"చాలు అనడం దానికి రాదు."

నేను తెలుగులో చెప్పగానే, "మీ తమ్ముడే నయం, మూడో వడ్డనకైనా చాలంటాడు," అంది నా భార్య. అని, రాయిని రెండు చేతులా అల అంచున పెట్టింది. "ఇంక చాలు గంగమ్మ తల్లీ, ఆ ఇంటి జోలికి రాకు."

అల వచ్చి రాయిని లాక్కుపోయింది.

"ఏమంది?" అని అడిగింది ముసలావిడ.

"మీ ఇల్లు వదిలేయమని సముద్రానికి చెప్పింది."

ఆవిడ స్టూలు వైపు చూసి, సముద్రం వైపు చూసింది.

"ఇంకోసారి గట్టిగా చెప్పమను. దానికి చెవుడు."