బొట్టు పెట్టిన రిపోర్టు

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి దగ్గర నేను కంప్యూటర్లు చూసుకునేదాన్ని. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. చీరల డిజైన్లన్నీ సర్వర్‌లో ఉండేవి. గీసేవాళ్లు ఇళ్ల నుంచి కూడా అందులోకి వచ్చి పని చేసేవారు. ముందురోజు ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు రాబోయి ఆగిపోయారు అన్నది సర్వరే రాసుకుని, రోజూ పొద్దున్నే ఒక రిపోర్టు పంపేది.

అన్న దాన్ని ప్రింటు తీయించేవాడు, కానీ చదవడానికి కాదు. కొట్టు తెరిచాక పుట్టిన తొలి కాగితం దేవుడికి చూపించాలని ఆయన పట్టింపు. పటం ముందు పెట్టి, పై పేజీకి నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని అలమరలోని కట్టలో దోపేవాడు.

"ఒకసారి చదవొచ్చు కదన్నా" అన్నాను.

"కంప్యూటర్లు చదివిన దానివి, నువ్వే చదవకుండా ఉండావు. నేను చదవల్లనా?"

ఒళ్లు మండింది, కానీ ఆ మాట నిజమే. ఎలా చదవను? కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మగ్గాల దగ్గరి కంప్యూటర్లు ఆగి, మళ్లీ లేచి, సర్వర్ తలుపు తట్టేవి. తట్టిన ప్రతిసారీ రిపోర్టులో ఒక వరుస. మా దిక్కు కరెంటు సంగతి చెప్పేదేముంది! ఆ గోల చూస్తేనే నాకు తల తిరిగేది.

ఆ ఏడాది పెళ్లిళ్ల కోసం అన్న ఒక కొత్త అంచు గీయించాడు. నేతగాళ్లు అప్పటికే పడుగులు ఎక్కించేశారు. ఆ డిజైన్ బయటికి పొక్కితే, మన చీర మగ్గం దిగేలోపే పవర్‌లూమ్ నకళ్లు అంగళ్లకు వచ్చేస్తాయి. చేత్తో నేసే ఆ ఇళ్ల కష్టమంతా మట్టిపాలవుతుంది. అది తలచుకున్నాక నాకు కుదురు లేదు. రిపోర్టు గోల తగ్గించాలని కూర్చున్నాను.

అసలు భయం అక్కడే మొదలైంది. చెత్త అనుకుని నేను తీసేసిన దాంట్లోనే దొంగ ఉంటే? అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఎందుకు వచ్చిందో నాకు తెలిసిన వరుసను మాత్రమే పక్కన పెట్టాలి. కరెంటు పోయిన వేళకు సరిపోతే పక్కకు, సరిపోకపోతే రిపోర్టులోకి. పక్కన పెట్టినవీ పారేయలేదు, వేరేచోట దాచాను.

మరుసటి రోజు రిపోర్టు అర పేజీ కూడా లేదు. అన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమ్మా, ఇంత సన్నగా ఉండాది? మిషన్ పని చేస్తాండాదా?"

"చేస్తాండాదన్నా. గోల తీసేసినా, అంతే."

బొట్టు పెట్టడానికి చోటు వెతుకుతూ ఆయన మొదటిసారి ఆ కాగితం చదివాడు. కుంకుమ వేలు గాల్లోనే ఆగింది.

"ఇది మన పాత డిజైనర్ పేరు కదమ్మా? ఆయప్ప పని ఇడిసిపెట్టి శానా దినాలాయ. మల్లా ఈడ ఎందుకు ఉండాది?"

కాగితం లాక్కుని చూశాను. పని మానేసిన మనిషి పేరును సర్వర్ నుంచి ఎవరూ తీసేయలేదు. ఆ పేరుతో ఎవరో పాస్‌వర్డ్ తప్పు కొట్టి, మళ్లీ మళ్లీ కొట్టి చూస్తున్నారు. అతనేనో, అతని పేరు వాడుకున్న ఇంకొకరో నాకు ఇప్పటికీ తెలియదు. వెంటనే ఆ పేరు మూసేశాను. తర్వాత సర్వర్ రాసుకున్నదంతా మొదటి నుంచీ వెతికాను. ఆ పేరుతో ఎవరూ లోపలికి రాలేదు. కొత్త అంచును మావాళ్లు తప్ప ఎవరూ తెరవలేదు. ప్రాణం లేచొచ్చింది. అన్న ముందే కళ్ల నీళ్లు పెట్టుకుని నవ్వాను.

ఇది ఎప్పటి నుంచి జరుగుతోందో చూద్దామని అలమరలోని కట్ట దించాం. కొన్ని రోజుల కిందటి కాగితాల్లోనూ అదే పేరు ఉంది. ఒకదాంట్లో సరిగ్గా ఆ పేరు మీదే ఎర్రగా బొట్టు ఉంది.

అన్న ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"దేవుడు ఆ దినమే ఏలు పెట్టి చూపిచ్చినాడు కదమ్మా. నేనే దండం పెట్టి లోపల దోపినా."

ఇప్పుడు కూడా రిపోర్టుకు బొట్టు పెడతాడు. కానీ ముందు కళ్లజోడు పెట్టుకుని చదువుతాడు. తర్వాతే, అక్షరాలు లేని మూల చూసి పెడతాడు.